పడవ ఈ గట్టున ఉంటేనే తీర్మానం

మా లంకలో టౌన్ హాలు లోపలి గోడకి ఈమధ్య ఒక నీలం బోర్డు కొట్టారు. దాని మీద హాలు చరిత్ర రాశారు. చదివాను. అందులో ‘ఇది పాత కట్టడం’ అన్నది ఒక్కటే నిజం. మిగతాదంతా ఎవరో బందరులో ఫ్యాను కింద కూర్చుని ఊహించుకున్నది. దొరలూ దొరసానులూ సాయంకాలాలు ఇక్కడ చేరి నాట్యాలు చేసేవారట! మా లంకలో! పసుపు చేలో కాలు పెడితే చెప్పు పైకి రాని ఒండ్రు నేల మీద, బూట్లేసుకుని నాట్యాలు! మొన్న కాలేజీ పిల్లలు కొందరు ఆ బోర్డు ముందు ఫొటోలు దిగుతూ, "తాతగారూ, మీరు చూశారా ఆ డ్యాన్సులు?" అని అడిగారు. మరీ అంత పాతవాణ్ని కానమ్మా అన్నాను. కోపం దిగమింగుకుని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను ఆ హాల్లో, అంటే మా పంచాయతీ ఆఫీసులో, బంట్రోతుగా చేరి బంట్రోతుగానే రిటైరయ్యాను. మధ్యలో ప్రభుత్వం వారు నా హోదా పెంచుతూ పోయారు. మొదట ప్యూను అన్నారు, తర్వాత అటెండరు అన్నారు, చివరికి ఆఫీసు సబార్డినేటు అన్నారు. అందించిన టీ మాత్రం ఒకటే టీ. బళ్లో అయిదో తరగతి దాటలేదు. ఆ పై చదువంతా హాలు మేడ మీద బీరువాలో చెదలు తినగా మిగిలిన పుస్తకాల్లోంచీ, మిరపకాయ బజ్జీల పొట్లాల్లోంచీ చదువుకున్నదే. చెదలకి చట్టాల పుస్తకాలు అంతగా రుచించవు. అందుకని నాకు మిగతా శాస్త్రాల కంటే చట్టం కాస్త ఎక్కువ వంటబట్టింది. అదొక రోగం. పట్టిందంటే వదలదు.

కాబట్టి పిల్లలూ, మీరు ఫొటో దిగడానికి అక్కడ అసలు ఒక గోడంటూ ఎందుకు మిగిలిందో చెబుతాను, వినండి. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్లలో కొందరు చనిపోయారు, మిగిలినవాళ్లు ఇంకా ఎన్నికల్లో పోటీ చేస్తున్నారు.

నాగాయలంక బస్సెక్కి మధ్యలో దిగి, కరకట్ట దాటి కిందికి దిగితే రేవు. రేవు దాటితే మా లంక. చుట్టూ కృష్ణ. ఎగువ పేటలో అరటి తోటలూ పసుపు చేలూ ఉన్న రైతులు. దిగువ పేటలో కూలికెళ్లేవాళ్లూ, వలలేసేవాళ్లూ, ఒక చిన్న చర్చీ. రెండు పేటలకీ మధ్యలో టౌన్ హాలు. టౌను ఏదని అడక్కండి. బందరులో హాలు చూసొచ్చిన ఒక పెద్దమనిషి, పడవల మీద ధాన్యం వ్యాపారం చేసి సంపాదించినవాడు, ఊరికి హాలుంటే ఊరు దానంతటదే టౌను అయిపోతుందని నమ్మి కట్టించాడు. హాలు వచ్చింది. టౌను ఇంకా దారిలో ఉంది.

కానీ కట్టుబడి మాత్రం కట్టుబడే. సున్నపు గోడలు, టేకు దూలాలు, పడవని పట్టించేంత వెడల్పు గుమ్మం, లోపల చెక్క మెట్లు, పైన పొడుగాటి గది. లంకలో మేడంటే అదొక్కటే. డాబాలు తర్వాత వచ్చాయి గానీ వాటి మీదికి ఎక్కడానికి మెట్లు కట్టిన మొనగాడు లేడు. కృష్ణకి వరదొచ్చిందంటే రెండు పేటలూ కోళ్లతో, మేకలతో, ముసలివాళ్లతో ఆ మేడెక్కాల్సిందే. హాలు గొప్పంతా ఆ మేడలోనే ఉంది. బోర్డు మీద మేడ మాట లేదు.

హాలు ముందు గోడకి రాళ్లుంటాయి, చూసే ఉంటారు. వాటర్ ట్యాంకుకి శంకుస్థాపన రాయి, ఆసుపత్రికి శంకుస్థాపన రాయి, వంతెనకి శంకుస్థాపన రాయి. నాయకులు పడవలో రాయి తెచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు, వెళ్లిపోయేవారు. కట్టడం రాలేదు కాబట్టి రాయి తగిలించడానికి గోడ ఉండేది కాదు. అన్నిటినీ తెచ్చి మా హాలుకే అతికించాం. ఆ గోడ చదివితే మాది మహానగరం.

ఇక మా పరిపాలనలో అసలు కిటుకు. ఇది ఏ చట్టంలోనూ లేదు. మా పంచాయతీ సమావేశం ప్రెసిడెంటు వచ్చి కుర్చీలో కూర్చుంటే మొదలవదు. సర్పంచి అనాలిట, మాకు ప్రెసిడెంటు అనే అలవాటు. రేవు పడవ నడిపే సరంగు వచ్చి, పడవని నెట్టే పొడుగాటి వెదురు గడని తెచ్చి, హాలు గోడకి ఆనించినప్పుడు సభ మొదలవుతుంది. గడ లోపల ఉందంటే పడవ ఈ గట్టున కట్టేసి ఉన్నట్టు లెక్క. తీర్మానానికి చేతులెత్తే ముందు ప్రెసిడెంటు, "అవతల కేకుందా?" అని అడగాలి. సరంగు గుమ్మంలోకి వెళ్లి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటాడు. అవతలి గట్టు నుంచి పడవ కోసం ఎవరూ పిలవడం లేదనుకోండి, "లేదు" అంటాడు. అప్పుడు చేతులు లేస్తాయి. పిలుస్తున్నారనుకోండి, "ఉంది" అని గడ తీసుకుని వెళ్లిపోతాడు. వాళ్లని దాటించి తిరిగొచ్చి గడ మళ్లీ ఆనించేదాకా సభ ఆగాలి.

ఎందుకంటారా? మా తాతల కాలంలో ఒకసారి దిగువ పేట మెంబర్లు సంతకెళ్లి వస్తూ అవతలి గట్టున నిలబడి పడవ కోసం గొంతు చించుకుంటుంటే, ఎగువ పేట మెంబర్లు పడవని ఇటు కట్టేసి, హాయిగా కూర్చుని, ఊరి బందిలదొడ్డిని దిగువ పేట నడిమధ్యకి మార్చేస్తూ తీర్మానం చేసేశారు. దొంగమేత మేసిన గొడ్లన్నిటినీ తోలి బంధించే దొడ్డి అది. ఆ వాసనా ఆ ఈగలూ దిగువ పేట వంటిళ్లలోకి! కర్రలు లేచాయి, తలలు పగిలాయి. ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాటు ఇది. అవతల కేకేసే మనిషి మెంబరు కావచ్చు, కాకపోవచ్చు. ముందు దాటించు, తర్వాత పరిపాలించు.

కొత్తగా వచ్చిన ప్రతి కార్యదర్శీ దీన్ని చూసి నవ్వాడు. గుడివాడ నుంచి వచ్చినాయన అయితే మరీనూ. ఆయనకి నీళ్లంటే భయం. పడవలో కళ్లు మూసుకుని, రెండు చేతులతో నా భుజం పట్టుకుని కూర్చునేవాడు. దిగగానే మళ్లీ ఆఫీసరు అయిపోయేవాడు. "ఏంటయ్యా ఈ మోటు పద్ధతి? గడ లేకపోతే తీర్మానం చెల్లదా? రూలు చూపించు!" అనేవాడు. రూలు లేదు. గడ లేకపోతే మావాళ్ల చేతులు లేవవు, అంతే. 

చేతులన్నాను కాబట్టి ఇంకో సంగతి. మా మెంబర్లలో సగానికి పైగా ఆడవాళ్లు. గోడ మీద మెంబర్ల పట్టికలో పేర్లు వాళ్లవి. కుర్చీల్లో మాత్రం వాళ్ల మొగుళ్లు కూర్చునేవారు. భార్య తరఫున తిండి తినడమొక్కటే వీళ్లు చెయ్యని పని, అదీ మీటింగు రోజున చేసేవారు. స్వయంగా వచ్చి కూర్చునేది దిగువ పేట మెంబరమ్మ ఒక్కత్తే. పెద్దావిడ. భర్త లేడు. ఒళ్లో చిక్కుడుకాయలు పోసుకుని, ఈనెలు తీస్తూ, అన్నీ వింటూ ఉండేది.

నేను రిటైరవడానికి కొంత ముందు మా పంచాయతీకి కొత్త ఆఫీసు మంజూరైంది. షరతు ఏంటంటే, పాత హాలు శిథిలమైపోయిందని, కూల్చేస్తున్నామని తీర్మానం కావాలి. ఆ జాగాలోనే కొత్తది కడతారు. బందరు నుంచి ఇంజనీరుగారు తనిఖీకి వచ్చారు. గోడ మీద వేలితో కొట్టారు. గోడ ఏమీ అనలేదు. చెక్క మెట్టు మీద ఒక కాలు పెట్టారు. అది కిర్రుమంది. ఆ కాలు వెనక్కి తీసుకుని, "శిథిలం" అన్నారు. 

మెంబరమ్మ అడిగింది, "కొత్త దానికి మేడ ఉంటదాండీ?"

"లేదమ్మా. గ్రౌండు ఫ్లోరే. మోడరన్‌గా ఉంటుంది. టైల్సు వేస్తాం."

"స్లాబు మీదికి మెట్లో?"

"ప్లానులో లేవు."

"మరి వరదొస్తే ఎక్కడికెక్కాలండీ?"

"వరదకి ముందే ఖాళీ చేయిస్తారు కదమ్మా గవర్నమెంటువాళ్లు."

"చేయిస్తారండి. మనుషుల్ని. గేదెను రానియ్యరు, గేదెనొదిలి మావాళ్లు రారు. మా పెద్దపిల్ల పుట్టింది ఆ మేడ మీదేనండీ, కింద నీళ్లు తిరుగుతా ఉంటే."

ఇంజనీరుగారు నవ్వారు. "ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రిలో కదా అమ్మా."

"ఆసుపత్రి అవతలి గట్టున ఉందండీ. వరద ఈ గట్టుకొచ్చుద్ది," అంది, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

ఆ మాట అక్కడ ఎవరికీ వినపడలేదు. ప్రెసిడెంటుగారు పైకి చూస్తున్నారు, టేకు దూలాల వైపు. కూల్చాక ఆ దూలాలు ఎవరింటికి వెళ్లాలో అప్పటికే మాటలు అయిపోయాయని లంకంతా అనుకున్నారు. ఎవరింటికో నేను చెప్పను. ఆ ఇంట్లో మంచాలు మాత్రం ఇప్పటికీ తుమ్మ చెక్కవే.

నా రక్తం ఉడికిపోయింది. కానీ బంట్రోతు రక్తం ఉడికితే టీ అయినా కాగదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. హాలు చరిత్ర రాశాను. ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు, ఏ వరదకి ఎంతమంది ఎక్కారు, చట్టం ఏమంటుంది, ఊరి ఉమ్మడి ఆస్తి అంటే ఏంటి, అన్నీ. రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. మీటింగులో నిలబడి ఇది చదివితే కఠినాత్ములు కూడా కరిగిపోతారని నాకు గట్టి నమ్మకం. చదివి చదివి అద్దం ముందు నేనే రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను.

తీర్మానం రోజు వచ్చింది. పొద్దున్నే ఇంజనీరుగారూ, మండలం ఆఫీసరుగారూ అవతలి రేవు దగ్గర జీపు దిగారు. వాళ్లతో గోనె చుట్టిన నల్లరాయి ఒకటి దిగింది. నేను ఎదురెళ్లాను. సరంగు ఆ రాయిని పడవలోకి ఎక్కించుకుంటూ, "ఇదేంటి బాబుగారూ?" అన్నాడు.

"కొత్త ఆఫీసు శంకుస్థాపన రాయి. పనిలో పని, ఇవాళే పెట్టేస్తాం," అన్నారు ఇంజనీరుగారు.

"తీర్మానం ఇంకా కాలేదు కదండీ?"

"అయిపోతుందిలేవయ్యా."

"అయితే మెంబర్ల కంటే ముందు రాయికే తెలిసిందన్నమాట," అని సరంగు గడ దింపి పడవని నెట్టాడు. రాయి బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగింది. మండలం ఆఫీసరుగారు ఇంజనీరుగారి చెయ్యి పట్టుకున్నారు.

హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. సరంగు గడ తెచ్చి గోడకి ఆనించాడు. గుడివాడ కార్యదర్శి తీర్మానం చదివాడు. నేను జేబులోంచి కాగితాలు తీసి, గొంతు సవరించుకుని, "అధ్యక్షా, ఈ హాలుకి ఒక చరిత్ర..." అన్నాను.

"బాబాయ్, ముందు సార్లకి టీ సంగతి చూడు," అన్నారు ప్రెసిడెంటుగారు.

చరిత్ర జేబులోకి వెళ్లిపోయింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను.

"అవతల కేకుందా?" అని ప్రెసిడెంటుగారు మామూలుగా అడిగారు. మొగుళ్లందరూ చేతులు సిద్ధం చేసుకున్నారు. సరంగు గుమ్మంలోకి వెళ్లాడు. విన్నాడు. నది మీదుగా సన్నగా వచ్చింది, "ఓ పడవోయ్!"

"ఉందండి," అని గడ తీసుకుని వెళ్లిపోయాడు.

వచ్చింది దిగువ పేట ముసలాయన ఒకడు. చంకలో సొరకాయ. హాలు ముందు నుంచి వెళ్తూ లోపలికి తొంగి చూసి, "మీటింగా? కానివ్వండి, కానివ్వండి," అని వెళ్లాడు. గడ మళ్లీ గోడకి ఆనింది. ప్రెసిడెంటుగారు మళ్లీ అడిగారు. మళ్లీ కేక. ఈసారి ఆ ముసలాయన పెళ్లాం.

"మీ ఆయనతోనే రావచ్చుగా పిన్నీ?" అన్నారు ప్రెసిడెంటుగారు, ఆవిడ హాలు ముందుకు రాగానే.

"ఆయనతో మాటల్లేవు బాబూ. ఒకే పడవలో ఎలా వస్తాను?"

తర్వాత ఒక మేకపిల్లని భుజాన వేసుకుని ఒకడు. తర్వాత చర్చికి రంగు కాయితాలు కొనుక్కుని ఇద్దరు ఆడపిల్లలు, అదీ వేరువేరు ట్రిప్పుల్లో, ఎందుకంటే ఒకత్తి చెప్పు తెగి వెనకబడిందట. ఈ లోపల ముసలాయన తిరిగొచ్చి రేవులో నిలబడ్డాడు, సంచి అవతల మర్చిపోయానని. సొరకాయతో సహా అటు దాటాడు. సంచీ, సొరకాయా, తనూ అటు నుంచి మళ్లీ కేకేశారు. నేను టీ పెట్టాను. మళ్లీ పెట్టాను. పాలు అయిపోయాయి, పాలు లేకుండా పెట్టాను.

మండలం ఆఫీసరుగారి మొహం ఎర్రబడింది. "ఏంటయ్యా ఇది? వెదురు కర్ర కోసం గవర్నమెంటు ఆగాలా? కానివ్వండి. ఎవరెవరు అనుకూలమో చేతులెత్తండి!"

ఒక్క చెయ్యి లేవలేదు. పిల్లలూ, ఇది మీరు నమ్మాలి. ఆ మొగుళ్లందరికీ హాలు కూలితే లాభమే. ఒకడికి ఇటుక, ఒకడికి పెంకు, ఒకడికి కాంట్రాక్టులో కూలీ మేస్త్రీతనం. నీతి గురించి వాళ్లకి పెద్ద పట్టింపులు కూడా లేవు. అయినా ఖాళీ గోడ వైపు చూస్తూ, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

"ఎవరంటే భయమయ్యా మీకు?" అని అరిచారు ఆఫీసరుగారు.

ప్రెసిడెంటుగారు ఇబ్బందిగా కదిలారు. "భయం కాదండీ... గడ లేదు కదండీ."

అప్పుడు నా కళ్లు మెంబరమ్మ మీద పడ్డాయి. తల వంచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ పొద్దున దిగువ పేట నుంచి ఎవరెవరు అవతలికి దాటాలో, ఎవరి తర్వాత ఎవరు కేకెయ్యాలో, ఆవిడ ముందురోజే చర్చి అరుగు మీద చెప్పి పంపించిందని తర్వాత తెలిసింది. సరంగుకి కూడా చెప్పలేదట. చెప్పక్కర్లేదుగా. కేకుంటే ఉందంటాడు.

పొద్దు వాలింది. వెలుగు పోతే సరంగు పడవ తియ్యడు. ఆఫీసర్లు లేచారు. "వచ్చే నెల పెట్టండి. ఆ రోజు అవతలి గట్టున ఒక కానిస్టేబుల్ని నిలబెడతాను," అన్నారు ఆఫీసరుగారు. పడవలోంచి దించిన రాయి మా వైపు రేవులోనే దిగబడిపోయింది. దాని మీద ఇప్పుడు దిగువ పేట ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటారు. చెక్కిన పేర్లు చాలావరకు అరిగిపోయాయి. మా లంకలో ఉపయోగంలోకి వచ్చిన శంకుస్థాపన రాయి అదొక్కటే.

నా చరిత్ర మాత్రం జేబులోనే మిగిలిపోయింది. అన్ని రోజులు కూర్చుని రాసిన చరిత్ర చెయ్యలేని పని ఒక సొరకాయ చేసింది. నాకు సంతోషంగానూ ఉంది, కాస్త అవమానంగానూ ఉంది.

అయితే మిగిలింది నెల గడువే. కానిస్టేబులు మాట ఉత్తినే అనలేదని అందరికీ తెలుసు. అవతల పోలీసు నిలబడితే కేకెయ్యడానికి మా వాళ్లకి గొంతు రాదు. మెంబరమ్మ నాతో, "ఇంక మనవల్ల కాదులే అన్నయ్యా. మేడ మీద బియ్యం డబ్బాలూ అవీ ఉంటే దించేసుకుందాం," అంది. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు.

ఆ నెల తిరక్కుండానే పైన వానలు దంచాయి. విజయవాడ బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారన్నారు. హెచ్చరిక దండోరా వేయించడానికి కార్యదర్శి లంకలోకి వచ్చాడు, నా భుజం పట్టుకునే. దండోరా అయ్యేసరికి నది ఎర్రగా, చెట్లూ మొద్దులూ మోసుకుంటూ తిరగబడింది. సరంగు నీళ్ల వైపు చూసి, "ఇప్పుడు తియ్యను బాబుగారూ. తీస్తే హంసలదీవి దగ్గర సముద్రంలో తేలతాం," అన్నాడు. కార్యదర్శి వెనక్కి తిరిగి అందరి కంటే ముందు మేడెక్కాడు. ఆ చెక్క మెట్లు అంత చప్పుడు చెయ్యకుండా ఎక్కిన మనిషిని నేను అదే చూడటం.

మధ్యాహ్నానికి నీళ్లు ఎగువ పేటలోకి వచ్చాయి. అరటి తోటల్లో ఆకులు మాత్రమే కనిపించాయి. మెట్లు లేని డాబాలవాళ్లు డాబాల వైపు ఒకసారి చూసి, పిల్లల్ని ఎత్తుకుని హాలుకి వచ్చారు. ప్రెసిడెంటుగారు టీవీని గుండెలకి హత్తుకుని వచ్చారు. వాళ్లావిడ గేదె దూడని తోలుకొచ్చింది. సరంగు ఆఖరి ఇళ్లవాళ్లని ఎక్కించుకుని, పడవని తిన్నగా హాలు గుమ్మంలోంచి లోపలికి నెట్టుకొచ్చి, మెట్ల కమ్మీకి తాడేసి కట్టాడు. గడ చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. రెండు పేటలూ ఆ గదిలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాం. కిందంతా నీళ్లు గోడలకి కొట్టుకుంటున్న చప్పుడు. పైన ఒక్క దూలం కూడా కిర్రుమనలేదు.

మెంబరమ్మ లేచి నిలబడింది.

"ప్రెసిడెంటుగారూ, మీటింగు పెట్టండి."

"ఇప్పుడా అక్కా?"

"ఇంకెప్పుడు? మెంబర్లందరూ ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ పోలేరు. హాలు కూల్చకూడదని తీర్మానం చెయ్యండి."

మూలనుంచి కార్యదర్శి సన్నగా అన్నాడు, "అజెండా నోటీసు ముందుగా ఇవ్వాలండీ..."

"నిన్న బ్యారేజీవాళ్లిచ్చారుగా నోటీసు!" అన్నాడు సరంగు. అంత భయంలోనూ గది గొల్లుమంది.

"పోనీ, పడవ ఈ గట్టున ఉండాలి కదయ్యా మీ కట్టుబాటు ప్రకారం? గట్టే లేదు కదా!" అన్నాడు కార్యదర్శి. అన్నాళ్లూ నవ్విన కట్టుబాటు ఆ రోజు ఆయనకి బాగా గుర్తుకొచ్చింది.

సరంగు గడతో మెట్ల వైపు చూపించాడు. "మనం కూర్చున్నదే గట్టు బాబుగారూ. పడవ మెట్లకి కట్టాను. దిగి చూసొస్తారా?"

కార్యదర్శి దిగలేదు. సరంగు గడని ఆ మేడ గోడకి ఆనించాడు. మొగుళ్లు కొందరు ప్రెసిడెంటు మొహం చూస్తూ చేతులు పైకెత్తాలా వద్దా అన్నట్టు నాన్చారు. మెంబరమ్మ వాళ్ల వైపు తిరిగింది. "మీరు కాదు నాయనా. చేతులు దించండి. మెంబర్లు మీ ఆడవాళ్లు. ఇదిగో, ఇక్కడే ఉన్నారు, చంటిపిల్లల్నెత్తుకుని. వాళ్లనెత్తనీండి."

ఆ ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. గెలిచిన రోజు దండలు వేయించుకున్నాక వాళ్లని ఎవరూ ఏదీ అడగలేదు.

ప్రెసిడెంటుగారు టీవీని పక్కన పెట్టి అడిగారు, "అవతల కేకుందా?"

సరంగు కిటికీ దగ్గరికి వెళ్లి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. పిల్లలు కూడా ఏడవలేదు. అవతలి గట్టు కనిపించడం లేదు. కరకట్ట మీద కరెంటు స్తంభాల తలలు మాత్రం కనిపిస్తున్నాయి. మామూలుగా అయితే "లేదు" అని చటుక్కున అనేస్తాడు. ఆ రోజు చాలాసేపు విన్నాడు. నిజంగా ఎవరైనా పిలుస్తున్నారేమోనని విన్నాడు.

"లేదు," అన్నాడు.

చేతులు లేచాయి. గాజుల చేతులు. ఒకావిడ చంటిపిల్లని మొగుడి ఒళ్లో పెట్టి మరీ ఎత్తింది. ప్రెసిడెంటుగారు కూడా ఎత్తారు. ఆయన కూర్చున్నదీ ఆ మేడ మీదే కదా.

అంతా అయ్యాక మెంబరమ్మ నా వైపు తిరిగి, "అన్నయ్యా, ఆ రోజు ఏదో చరిత్ర చదవబోయావుగా, ఇప్పుడు చదువు. అందరూ ఖాళీగానే ఉన్నారు," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు జేబులోనే ఉన్నాయి. కాస్త తడిశాయి. నిలబడి చదివాను. మొదటి కాగితం పూర్తయ్యేలోపే ప్రెసిడెంటుగారు గురక పెట్టారు. రెండోది మొదలుపెట్టేసరికి గేదె దూడ కూడా పడుకుంది.

నీళ్లు తీశాక ఆఫీసర్లు వచ్చారు. బురదలో నిలబడ్డ హాలుని చూశారు, తీర్మానం చూశారు, వచ్చిన పడవలోనే వెళ్లిపోయారు. ఆ మంజూరు ఇంకెక్కడికో పోయింది. నేను రిటైరయ్యాను. మెంబరమ్మ తర్వాత రెండేళ్లకి చనిపోయింది. శవపేటికని ఆ పడవలోనే అవతలి గట్టు సమాధుల దొడ్డికి దాటించాం. ఆ రోజు సరంగు ఎవరూ అడక్కుండానే ముందు హాల్లోకి వెళ్లి గడని గోడకి ఒకసారి ఆనించి, మళ్లీ తీసుకుని వచ్చాడు.

హాలు కింది గోడ మీద, గడ తల రాసుకుని రాసుకుని నున్నగా అయిన ఒక గుంట ఉంటుంది. సున్నం వేసేవాళ్లు కూడా దాన్ని వదిలేసి వేస్తారు. మేడ మీద గోడకి అలాంటి గీత ఒక్కటే ఉంది, సన్నగా. హాలు చరిత్ర కావాలంటే ఆ రెండూ చూడండి. 

చూడలేరు. ఆ నీలం బోర్డు కొట్టింది సరిగ్గా ఆ కింది గుంట మీదే. దొరల నాట్యం వచ్చి మా గడ స్థలాన్ని ఆక్రమించింది. నేను ఊరుకోలేదు. కర్ర పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడున్న కార్యదర్శి చిన్నపిల్ల, మర్యాదస్థురాలు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. బోర్డుని ఒక జానెడు పక్కకి జరపమ్మా అన్నాను.

"జరిపిద్దాం తాతగారూ. కాకపోతే దానికి పంచాయతీ తీర్మానం కావాలండీ," అంది.

"అయితే చేయించు. మెంబర్లు బయట అరుగు మీదే ఉన్నారుగా."

ఆ అమ్మాయి లేచి, గుమ్మంలోకి వెళ్లి, రేవు వైపు చూసి వచ్చి కూర్చుంది.

"కాసేపు ఆగాలండీ. పడవ అవతలి గట్టున ఉంది."